నల్లోడికి వేసిన చేప

మైపాడుకు దక్షిణాన ఉన్న ఒక పల్లెపాలెంలో పోలేరయ్య తన నల్లకుక్క నల్లోడికి ఒకే ఒక్క పని నేర్పాడు. వేట నుంచి తెప్ప తిరిగి ఒడ్డు అలల్లోకి రాగానే అతను తాడు కొస నీళ్లలోకి విసిరేవాడు. నల్లోడు ఈదుకుంటూ ఎదురెళ్లి, ఆ కొసను నోట కరుచుకుని ఒడ్డుకు లాక్కొచ్చేది. వెంటనే ఒక చేప. తాడు తెచ్చాక ఆ చేప అందని రోజంటూ లేదు. కుక్కకు పని నేర్పడంలో ఉన్న మర్మమంతా అంతేనని, బెత్తంతో నేర్పేవాడు వట్టి వెర్రివాడని పోలేరయ్య అంటూ ఉండేవాడు.

అరవై మూడో సంవత్సరం కార్తీకంలో గాలివాన వచ్చింది. ఆ వేళ తెప్పలో అతనికి జతగా వెళ్లవలసిన బావమరిది వెంకయ్య జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. పోలేరయ్య ఒక్కడే వెళ్లాడు. తెప్పా రాలేదు, మనిషీ రాలేదు, శవం కూడా దొరకలేదు.

మళ్లీ వేట మొదలైన రోజున నల్లోడు ఎప్పటిలాగే సముద్రంలోకి ఈదుకుంటూ వెళ్లింది. అది చూసి వెంకయ్యకు మనసు ఆగలేదు. బావ వంతు అనుకుంటూ దానికి ఒక చేప విసిరాడు. మర్నాడు అందరూ విసిరారు. ఇంకేముంది, కుక్క యజమాని కోసం వెతుకుతోందన్న కబురు ఇందుకూరుపేట దాకా పాకింది. ఆడవాళ్లు దాని నుదుట బొట్టు పెట్టి దణ్ణాలు పెట్టారు. మన జనానికి ఏడవడానికి ఒక వంక దొరికితే చాలు, నిజంతో పనిలేదు.

పోలేరయ్య భార్య కామమ్మ కూడా నమ్మింది. ఆయన ఏ ఒడ్డునో బతికే ఉన్నాడని, మూగజీవికి అది తెలుసని నమ్మింది. ఆ నమ్మకం మీదే రెండు నెలలు ముద్ద మింగింది.

ఒకరోజు వెంకయ్య తెప్పకు చేప పడలేదు. నల్లోడు అతని ఖాళీ చేతుల్ని చూసి పక్క తెప్పకు ఈదింది, అక్కడా ఏమీ లేకపోతే ఇంకా లోపలి తెప్పకు వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు అల దాన్ని ఎత్తి తెప్పదుంగకేసి కొట్టింది. ఉప్పునీళ్లు కక్కుకుంటూ కుంటుతూ ఒడ్డుకు చేరింది. అప్పుడు కామమ్మకు అర్థమైంది. అది ఎవరి ముఖమూ వెతకడం లేదు, చేతులు చూస్తోంది. ఇలాగే వదిలేస్తే ఇదీ సముద్రంలోనే పోతుంది.

ఆ సాయంత్రమే అన్న వెంకయ్య దగ్గరికి వెళ్లింది. "అన్నా, రేపట్నుంచి దానికి చేప వెయ్యబాకండి. అందరికీ చెప్పు."

"అదేంది అట్టంటావు? బావ కోసం ఎదురు పోతా ఉండాది గదా అది!"

"ఆయన కోసం కాదన్నా," అంది కామమ్మ. "చేప కోసం."

మగవాళ్లు ఆమెను కఠినాత్మురాలు అనుకున్నారు. అయినా చేపలు ఆపారు. నల్లోడు ఊరుకుందా? ముందుకన్నా దూరం ఈదింది, గొంతు పోయేలా మొరిగింది. నాలుగో రోజు వెంకయ్య చూడలేక ఒకటి విసిరేశాడు.

"నువ్వేసిన ఒక్క చేప దానికి పది దినాల ఆశన్నా," అని కామమ్మ అన్నను ఒడ్డునే నిలదీసింది. "కట్టేస్తే ఈ పూటకి ఆగుద్ది, రేపు తాడు తెంపుకుంటాది. దాని మనసులోనే ఆగాల."

ఆ తర్వాత మరెవరూ విసరలేదు.

తెప్పలు వచ్చే వేళకు ఆమె రోజూ ఇసుకలో కూర్చునేది. నల్లోడు పక్కన రెండు క్షణాలు నిలబడితే ఒక చేపముక్క. కూర్చుంటే ఇంకొకటి. ఈదుకుంటూ పోయి వస్తే మాత్రం తిట్టూ లేదు, ముక్కా లేదు. అలా మాఘం గడిచింది.

ఫాల్గుణంలో ఒక ఉదయం వెంకయ్య తెప్ప అలల మీద కనబడింది. తాడు నీళ్లలో పడింది. నల్లోడు చెవులు నిక్కబొడిచి సముద్రం వైపు చూసింది. కుక్క మెల్లగా కామమ్మ చేతివైపు తిరిగి, ముందుకాళ్ల మీద తల ఆనించి పడుకుంది. బతికింది. కామమ్మ చేతిలో ఉన్నదంతా దానికి పెట్టేసింది.

తలెత్తి చూస్తే తెప్పలన్నీ వచ్చేశాయి. ఆడవాళ్లు గంపలతో నీళ్ల దగ్గరికి పోతున్నారు. ఆ ఒడ్డున పోలేరయ్య కోసం సముద్రం వైపు చూసేవాళ్లు ఎవరూ లేరు. ఆమె కూడా చూడటం లేదు.

ఊరు కర్మ జరిపిన పదకొండో రోజున కూడా ఏడవని కామమ్మ ఒక్కసారిగా గొల్లుమంది. వెంకయ్య తాడు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా? ఏందిరా తల్లీ?"

"అన్నా," అందామె, ఆ కబురు అతనికి తానే మొదట చెబుతున్నట్టు. "ఆయన పోయినాడన్నా."

వెంకయ్య చెల్లెలి పక్కన ఇసుకలో కూలబడ్డాడు.