చిన్న సబ్జా కట్ట

సబ్జాకు పూత వచ్చిందంటే ఆకు చిన్నదైపోతుంది. అందుకే సమీనా రోజూ పొద్దున వంటింట్లోకి పోయేముందు డబ్బాల దగ్గర గొంతుక్కూర్చుని పూతకంకుల్ని గోటితో తుంచేసేది. పెబ్బేరులో ఆ ఇంటి లోపలి వాకిలంతా ఆమె పెంచినవే. నూనె డబ్బాల్లో పుదీనా, పగిలిన టబ్బులో టమాట, గోడవారన బీరపాదు. నల్లా రెండు రోజులకొకసారి వచ్చేది కాబట్టి బియ్యం కడిగిన నీళ్ళూ, అత్త ఖతీజాబీ నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కున్న నీళ్ళూ అన్నీ బకెట్‌లో పట్టి మొక్కలకు పోసేది. భర్త అబ్దుల్ హమీద్ ఎడ్ల సంతలో బేరాలు కుదిర్చే మనిషి. "మా ఇంట్ల పుదీన కొనే పనే లేదు" అని నలుగురిలో గొప్పగా చెప్పేవాడు. ఆ నలుగురినీ వెంటబెట్టుకొచ్చి, "జర చట్నీ నూరు" అనేవాడు. తిన్నవాళ్ళు హమీద్‌భాయ్ ఇంటి పుదీనా అని మెచ్చుకుని పోయేవాళ్ళు.

సబ్జా ఒక్కదాని మీదే అత్తకు కోపం. "దాంతోటి కడుపు నిండుతదా? ఆ డబ్బాలల్ల పాలకూర పెట్టరాదు?" అనేది. పక్కింటి హన్మమ్మ మాత్రం గోడ మీంచి చూసి, "గిది మీ తులసా సమీనా?" అని నవ్వేది. సమీనా ఔననేది. తులసి లాంటిదే, ఆకు కొంచెం వెడల్పు, వాసన కొంచెం తీపి. హన్మమ్మ వాళ్ళు తులసిని దేవుడికి పెట్టుకుంటారు. సమీనా వాళ్ళు సబ్జాను పోయినవాళ్ళ కబర్ల మీద వేస్తారు.

సమీనా బిడ్డ కూడా పోయింది. నాలుగేళ్ళ కిందట వానాకాలంలో పుట్టింది. ఏడో రోజు పేరు పెడదామనుకుంటే ఆరో రోజు పొద్దున పాలు తాగడం మానేసింది. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డను హమీద్ రెండు చేతుల మీద పట్టుకుని గడప దాటాడు. ఆ ఇంటి ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు పోరు. పైగా బాలింత. మంచంలోంచి గడప దాకా చూడగలిగింది, అంతే. సాయంత్రం అతనొచ్చాక, "ఏడ పెట్టిన్రు?" అని అడిగింది.

"అబ్బా పక్కన్నే. వేపచెట్టు కింద" అన్నాడు. అబ్బా అంటే అతని తండ్రి, అంతకుముందే పోయిన మనిషి.

ఆ ఒక్క మాటను పట్టుకుని ఆమె నాలుగేళ్ళు బతికింది. ఎండలు మండితే, నీడన ఉందిలే అనుకునేది. గాలి లేస్తే, వేపాకు రాలుతుంటుంది అనుకునేది. తాతకు తోడుగా మనవరాలు, మనవరాలికి తోడుగా తాత. పుట్టింటికి గద్వాలకు పోయే బస్సు ఖబరస్తాన్ గోడ పక్కనుంచే పోయేది. బురఖాలోంచి మెడ తిప్పి చూస్తే గోడ తప్ప ఏమీ కనిపించేది కాదు. వేపకొమ్మ ఒక్కటైనా బయటికి వాలి ఉంటే బాగుండునని ఆశపడేది. చెట్టు లోపలెక్కడో ఉందని సర్దిచెప్పుకునేది. ప్రతి జుమేరాత్‌కు, అంటే గురువారం సాయంత్రం, రెండు కట్టలు కట్టి హమీద్ చేతికిచ్చేది, మామ కబరుకు పెద్దది, బిడ్డ కబరుకు చిన్నది. అతను తిరిగొచ్చాక "వేసిన్రా?" అని అడిగేది. "వేసిన" అనేవాడు. ఆ మాట విన్నాకే ఆమెకు ముద్ద దిగేది.

ఒక వారం సంతలో ఎద్దు తన్ని హమీద్ మోకాలు వాచిపోయింది. జుమేరాత్ నాటికి అతను మంచం దిగలేదు. కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌లోనే బేరాలు మాట్లాడుతున్నాడు. సమీనా ఎప్పటిలాగే కట్టలు కట్టి తెచ్చింది.

"పక్క గల్లీ ఖాజాభాయ్ పోతుండంట. ఆయనకిచ్చి పంపుత. వేపచెట్టుకు ఏ పక్కన అని చెప్పాలె?"

"ఈ వారం వద్దులే."

"ఎందుకు వద్దు? గుర్తు చెప్తే ఆయనే వేసొస్తడు కద."

"వద్దంటి కద సమీనా!"

ఆమె కదల్లేదు. అతను ఫోన్ పక్కన పెట్టి గోడవైపు చూశాడు.

"ఆడ వేపచెట్టు లేదు" అన్నాడు చివరికి. "ఆ దినం ఒకటే వాన. నాకు చేతులు వణికినయి. లోపలికి పోలేకపోయిన. గేటు కాడ్నే తవ్వేటాయన చేతిలో పెట్టిన. ఆయనే తీసుకపోయిండు. ఏడ పెట్టిండో నేను చూడలే. తర్వాత అడుగుదమంటే ఆయన ఊరు ఇడిచి పోయిండు. నువ్వేమో అడిగితివి. ఏదో ఒకటి చెప్పాలె కద."

"మరి ఇన్నేండ్లు ఈ చిన్న కట్ట?"

"రెండూ అబ్బా మీదనే వేస్తున్న."

వాకిట్లో జపమాల తిప్పుతున్న ఖతీజాబీ అక్కడి నుంచే అంది, "ఆరు దినాల పిల్లకు గుర్తులేంది? అది జన్నత్‌ల ఉంటది. పరేషాన్ చెయ్యకు వాన్ని. పొయ్యి మీద అన్నం చూడు."

సమీనా పోయి అన్నం చూసింది. గంజి వార్చింది. అతని చేతులు వణికాయంటే ఆమెకు నమ్మకమే. మరిచిపోయినా క్షమించేదేమో. కానీ ఇన్ని జుమేరాత్‌లు ఆమె అడుగుతూనే ఉంది, అతను ఆమె మొహం చూస్తూనే "వేసిన" అన్నాడు. లేని చెట్టు నీడన ఆమె బిడ్డను పడుకోబెట్టుకుంది. ఈ ఇంట్లో ఆమెకు దక్కినవన్నీ అతను గడప అవతలి నుంచి తెచ్చి చెప్పినవే. సంత ఎట్లా ఉంటుందో, మామ కబరు ఎట్లా ఉంటుందో, చివరికి తన కడుపున పుట్టినది ఎక్కడ ఉందో. ఆ వారమంతా ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. చట్నీ నూరింది, వాచిన మోకాలికి కాపడం పెట్టింది, డబ్బాలకు నీళ్ళు పోసింది.

మళ్ళీ జుమేరాత్ వచ్చింది. సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక సమీనా కత్తెర తీసుకుని సబ్జా డబ్బాలు రెండూ మొదలంటా కోసేసింది. కట్టలు కట్టకుండా మొత్తం ఒక పాత దుపట్టాలో వేసుకుని, బురఖా తొడుక్కుని వాకిట్లోకి వచ్చింది.

"ఏడికి?" అంది ఖతీజాబీ.

"బిడ్డ కాడికి."

లోపల్నుంచి హమీద్ కేకేశాడు. "ఆడోళ్ళు పోతే నలుగురు ఏమంటరు? కూసో సమీనా!"

ఆమె చెప్పులేసుకుంది.

"ఏ కబరో తెల్వకపాయె. ఏం జేస్తవు పోయి?" అంది ఖతీజాబీ, ఈసారి గొంతు తగ్గించి.

"చిన్న కబర్లన్నిటి మీద వేస్త, అమ్మీ. తలా ఒక రెమ్మ."

ఖతీజాబీ చాలాసేపు కోడలి చేతిలో దుపట్టానే చూసింది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా లేచి, కొక్కేనికి వేలాడుతున్న తన బురఖా అందుకుంది.

"నావి గూడ రెండున్నయి ఆడ" అంది. "ఏడ పెట్టిండో మీ మామ చెప్పలే. నేను అడగలే."