పక్క సీటు మాస్టారు

టప్.

ఇంకా కళ్ళు తెరవకముందే ఆ చప్పుడు ఇల్లాలి చెవిన పడింది. అదేమిటో ఆమెకు తెలుసు. మంచం చివరి చెక్కను భర్త కుడిపాదం తన్నిన చప్పుడది. కలలో ఎవరో అడ్డం వచ్చి ఉంటారు. ఆయన బ్రేకు వేసి ఉంటాడు.

"ఆగిందా?" కళ్ళు మూసుకునే అడిగింది.

"ఆగింది. వెంట్రుకవాసిలో తప్పింది," అన్నాడాయన నిద్రలోనే.

ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట తెల్లవారే తీరు అది. ఆ చెక్కను ఆమె రెండుసార్లు మార్పించింది. మనిషిని మార్చే వడ్రంగి మాత్రం దొరకలేదు.

ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. స్కూలు కారులో పెడళ్ళు రెండు జతలు. నేర్చుకునేవారి కాళ్ళ కింద ఒక జత, పక్క సీటులో మాస్టారి కాళ్ళ కింద ఒక జత. స్టీరింగు వాళ్ళది, బ్రేకు ఆయనది. చెమట వాళ్ళది, కేక ఆయనది. ఊళ్ళో సగంమందికి కారు నేర్పిన ఆ మనిషి తాను నడిపింది ఎంతయ్యా అంటే, ఉదయం షెడ్డులోంచి బయటికి, సాయంత్రం బయటినుంచి షెడ్డులోకి.

ఆయన బోధనకు ఒక పద్ధతి ఉండేది. శిష్యుల ముఖాలు చూసేవాడు కాదు, పాదాలు చూసేవాడు. తప్పులన్నీ పాదాల్లోనే పుడతాయని ఆయన సిద్ధాంతం. పేర్లు అడిగేవాడూ కాదు. ఎవరి తప్పు వారి పేరు. క్లచ్చు మీంచి కాలు తీయనివాడు 'హాఫ్ క్లచ్చు'. వెనకెవరొస్తున్నారో పట్టని బ్యాంకు ఉద్యోగి 'అద్దం'. చీమ అడ్డొచ్చినా మోగించే సొంత బావమరిది 'హారను'. "పేరు పెట్టి పిలిస్తే పొంగిపోతారు, తప్పు పెట్టి పిలిస్తే దిద్దుకుంటారు," అనేవాడు. దిద్దుకున్నవారు దిద్దుకుని వెళ్ళిపోయారు. తప్పులు మాత్రం ఆయన నోటుబుక్కులో వరసగా, పేజీకొకటిగా, భద్రంగా మిగిలిపోయాయి.

ఆ స్కూలు మూతబడింది. యజమాని ఆ స్థలంలో ఫోన్ల దుకాణం పెట్టించుకుని, పాత కారును మాస్టారికి వదిలేశాడు. యాభై ఆరేళ్ళ మనిషికి కొత్తగా పని ఇచ్చేవారెవరు? అడిగిన చోటల్లా టీ ఇచ్చారు గాని పని ఇవ్వలేదు. చివరికి బావమరిదే దారి చూపాడు. అతడు మూడేళ్ళుగా యాప్‌లో కిరాయి కారు తిప్పుతున్నాడు.

"మీకెందుకు బావా, ఇంత విద్య ఉంది. యాప్ వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుంటారు," అన్నాడు.

యాప్ ఆఫీసులో కళ్ళకద్దుకునేవారెవరూ కనిపించలేదు. గాజు బల్ల వెనక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకున్న అమ్మాయి ఒకతె ఉంది.

"డ్రైవింగ్ ఎన్నేళ్ళు, అంకుల్?"

"ఇరవై ఆరు."

"అబ్బో! ఎన్ని కిలోమీటర్లు నడిపి ఉంటారు?"

మాస్టారు అబద్ధం ఆడని మనిషి. కాసేపు ఆలోచించాడు. "నడపలేదమ్మా. నడిపించాను."

ఆ అమ్మాయి తెరను కిందికీ పైకీ జరిపి చూసింది. "నడిపించడం అనే ఆప్షన్ లేదంకుల్. 'అనుభవం లేదు' అని పెడుతున్నా. ఏమనుకోకండి."

అనుభవం లేనివారికి చూపే పాఠం ఆయనకూ చూపించారు. పావుగంట వీడియో. ఆదర్శ డ్రైవరు ఎలా ఉండాలో అందులో ఒకడు నవ్వుతూ నడిపి చూపిస్తున్నాడు. ముఖం చూస్తే ఎవరో తెలియలేదు. కెమెరా పెడళ్ళ వైపు దిగగానే మాస్టారు కుర్చీలో ముందుకు వంగాడు. క్లచ్చు మీంచి లేవని ఆ పాదాన్ని ఏడు జన్మలకైనా మరచిపోలేడు. హాఫ్ క్లచ్చు! ఆ హాఫ్ క్లచ్చు దగ్గర పాఠం నేర్చుకుని, పాసయ్యానని సంతకం పెట్టి, ఆయన బయటపడ్డాడు.

కారులో రెండో జత పెడళ్ళు ఉండకూడదన్నారు. మెకానిక్కు వాటిని పీకి చేతిలో పెడుతూ, "పక్కనున్నవాడు తొక్కితే మీ పని గోవిందా కదండీ," అన్నాడు. ఇరవై ఆరేళ్ళు పక్కనుండి తొక్కినవాడు తానేనని మాస్టారు చెప్పలేదు. వాటిని పాత తువ్వాలులో చుట్టి మంచం కింద పెట్టాడు.

ఇక నియమాలు. బావమరిది వేళ్ళు మడిచి చెప్పాడు. మొదటి పది ట్రిప్పులూ పరీక్షాకాలం. ప్రతి ట్రిప్పు చివరా ఎక్కినవారు నక్షత్రాలు ఇస్తారు, అయిదుకు ఇన్ని అని. పదింటి సగటు నాలుగున్నరకు తగ్గిందా, ఐడీ మూతపడుతుంది, మళ్ళీ తెరుచుకోదు. ఒకరి బండి ఇంకొకరు ఎక్కకుండా, బయలుదేరే ముందు ఎక్కినవారిని పేరుతో పలకరించి, నాలుగంకెల నంబరు అడగాలి.

"పేరుతోనా?" అన్నాడు మాస్టారు.

"గారు కూడా చేర్చాలి బావా."

మొదటి ట్రిప్పు ఒక మందుల కంపెనీ ప్రతినిధి. మాస్టారు కారు దిగి, అతని బరువైన సంచీని వెనక డిక్కీలో సర్ది, మూత వేసి, వచ్చి సీటులో కూర్చుని, బెల్టు పెట్టుకున్నాడు. వెనక సీటులో ప్రతినిధి కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుచూశారు.

"ఇంకా ఎంతసేపండీ?" అన్నాడు ప్రతినిధి.

"తొందరేం లేదు. ముందు అద్దం సరిచూసుకోండి," అన్నాడు మాస్టారు.

"నేనా? అసలు డ్రైవరేడీ?"

మాస్టారు తల తిప్పి చూశాడు. స్టీరింగు ముందు ఎవరూ లేరు. తాను కూర్చున్నది పక్క సీటులో. ఏమీ జరగనట్టు బెల్టు విప్పి, దిగి, కారు చుట్టూ తిరిగి, అటు తలుపు తీసుకుని కూర్చున్నాడు. ప్రతినిధి దారి పొడవునా తలుపు పిడి వదలలేదు. మూడు నక్షత్రాలు ఇచ్చాడు. దయగల మనిషి.

తరువాతి ట్రిప్పుల్లో సీటు తప్పలేదు. నాలుకే తప్పింది. తెర మీద పేరు కనిపిస్తూనే ఉండేది. గొంతుదాకా వచ్చి అక్కడే బండి ఆపుకునేది. "నంబరు చెప్పండి బాబూ," "నంబరు చెప్పమ్మా," అని గట్టెక్కేవాడు. గట్టెక్కించని వాళ్ళూ ఉంటారు. ట్రిప్పు అయ్యాక 'డ్రైవరు మిమ్మల్ని పేరుతో పలకరించారా?' అని యాప్ అడిగేది. లేదని నొక్కినవారు ఒక నక్షత్రం తగ్గించేవారు.

తొమ్మిది ట్రిప్పులు ముగిసిన మరునాడు పొద్దున్నే బావమరిది వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"లెక్క చూశాను బావా. తొమ్మిదింటికి నలభై. పదోదానికి అయిదూ పడితే సరిగ్గా నాలుగున్నర. నాలుగు పడిందా, కారుకు ముసుగు కప్పి మీరు కూడా దాని పక్కనే కూర్చోవడమే."

"ఒక్క నక్షత్రం కోసం మనిషిని ఇంట్లో కూర్చోబెడతారా?"

"ఒక్క హారను కోసం మీరు నన్ను రెండుసార్లు పరీక్షకు పంపకుండా ఆపలేదా?"

మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

"మొదటిది పోనీయండి. తక్కినవన్నీ పేరు దగ్గరే పోయాయి. పేరు పలికితే పళ్ళు ఊడవు బావా. ఏదీ, నా పేరు పలకండి చూద్దాం."

మాస్టారు నోరు తెరిచాడు. మూశాడు. "ఊరుకోవయ్యా బావమరిదీ," అన్నాడు.

వంటింట్లోంచి ఇల్లాలి నవ్వు వినిపించింది. "ముప్పై ఏళ్ళుగా నన్నే 'ఇదిగో' అంటున్నారాయన. నీకెక్కడ దొరుకుతుందిరా పేరు!"

పదో ట్రిప్పు ఒక రక్తపరీక్షల ల్యాబు ముందు ఎక్కింది. నలభై ఏళ్ళ ఆవిడ. కళ్ళజోడు, చేతిలో ఫైలు. మాస్టారు దారంతా, పేరు చోటు ఖాళీగా వదిలి, పలకరింపును పద్యంలా వల్లించుకుంటూ వచ్చాడు. ఊపిరి పీల్చాడు. పేరు కోసం తెర వైపు తల తిప్పబోయాడు. అంతలో ఆవిడే అంది.

"మాస్టారూ! మీరా? నంబరు రెండు, తొమ్మిది, సున్నా, నాలుగు. పదండి."

పలకరింపు గాలిలో కలిసిపోయింది. మాస్టారు గేరు వేశాడు.

"నన్ను గుర్తుపట్టలేదు కదూ?" అంది వెనకనుంచి.

ముఖాలు చూడని మనిషికి ముఖం చూసి గుర్తుపట్టమనడం శిక్షే. పాదాలు చూద్దామంటే అవి తన సీటు వెనక ఉన్నాయి. అద్దంలో ఆవిడ కళ్ళజోడును వెతికాడు. నుదురును వెతికాడు. నవ్వును వెతికాడు. ఇరవై ఆరేళ్ళ నోటుబుక్కు మనసులోనే తిరగేస్తూ, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, రోడ్డు మరిచాడు.

"మాస్టారూ, బ్రేక్!"

టప్.

సందులోంచి దూసుకొచ్చిన స్కూటరుకు జానెడు దూరంలో కారు ఆగింది. స్కూటరువాడు కాలు నేలకు ఆనించి, గుండె చిక్కబట్టుకుని, కిటికీలోకి తొంగి చూశాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఎవడు నేర్పాడయ్యా నీకు డ్రైవింగు?"

స్కూటరు వెళ్ళిపోయింది. ఆయన మాత్రం కదలలేదు. చెవిలో ఆ చప్పుడే ఉంది. తన బ్రేకు చప్పుడు కాదది. ఇంజను చప్పుడు కాదు. వెనక సీటులో, పెడలు లేని నేల మీద, ఒక పాదం శక్తికొద్దీ తొక్కిన చప్పుడు. మంచం చెక్కకు తెలిసిన చప్పుడు. పదిహేనేళ్ళ కిందట, తన కాలికంటే ముందే కారును ఆపేస్తూ వచ్చిన ఒక పాదం గుర్తుకొచ్చింది.

"సడన్ బ్రేకు!" అన్నాడు.

"అమ్మయ్య, బతికించారు," అంది ఆవిడ. "పాఠాల పందొమ్మిదో రోజున నన్నేమన్నారో గుర్తుందా మరి?"

అందరి తప్పులూ రాసిపెట్టుకున్న మనిషికి తన మాట ఒక్కటీ గుర్తు లేదు.

"'అమ్మా సడన్ బ్రేకూ, నువ్వు వెనక సీటుకే పుట్టావు' అన్నారు. ఇరవయ్యో రోజు నేను రాలేదు. అప్పటినుంచి మీ మాట జవదాటలేదు మాస్టారూ. ఎక్కడికి వెళ్ళినా వెనక సీటే. మీ చలవ."

కారు మెల్లగా కదిలింది. రెండు సిగ్నళ్ళు దాటింది. మూడో సిగ్నలు దగ్గర ఎర్రదీపం ముందు, స్టీరింగుతో చెబుతున్నట్టుగా మాస్టారు అన్నాడు.

"నేను నీ కాళ్ళ వైపే ఎక్కువ చూసేవాణ్ణమ్మా. ఆ పందొమ్మిది రోజులూ ఆ కారులో రోడ్డును సరిగా చూసిన మనిషివి నువ్వొక్కదానివేనేమో."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "ఇప్పుడా చెప్పడం?" అంది. నవ్వుతూ అన్నదో, నవ్వకుండా అన్నదో అద్దంలో తెలియలేదు.

ఆవిడ ఆఫీసు గేటు వచ్చింది. మాస్టారు ట్రిప్పు ముగించాడు. ఆవిడ ఫోను చూసి పైకే చదివింది.

"'డ్రైవరు మిమ్మల్ని పేరుతో పలకరించారా?' ఏం నొక్కమంటారు మాస్టారూ?"

ముసుగు కప్పిన కారు ఆయన కళ్ళముందు మెదిలింది. దాని పక్కన కుర్చీ, కుర్చీలో తాను. పొద్దున ఇల్లాలు గుమ్మందాకా వచ్చి నిలబడిన తీరూ గుర్తొచ్చింది. ఒక్క మాట బతిమాలితే చాలు. కాని ఎంతోమందికి తప్పును తప్పని చెప్పిన నోరు అటువైపు తిరగలేదు.

"ఏది నిజమో అది నొక్కమ్మా."

ఆవిడ నొక్కింది. మాస్టారి ఫోను టింగుమంది. తెర నిండా పసుపుపచ్చని కాగితప్పువ్వులు రాలాయి. అయిదు నక్షత్రాలు. 'అభినందనలు! మీరిప్పుడు డ్రైవరు' అని రాసి ఉంది. చూసిన తెరనే మళ్ళీ చూశాడాయన.

"అవుననే నొక్కాను," అంది ఆవిడ, తలుపు తీసి ఒక కాలు బయట పెడుతూ.

"అది అబద్ధం కదమ్మా."

"అబద్ధమే. నిజం చేయడం మీ చేతుల్లో ఉంది."

మాస్టారు జేబులోంచి చదువుకునే కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. తెర వైపు వంగాడు. ట్రిప్పు ముగిసింది, పేరు చెరిగిపోయింది. పేరున్న చోట తరువాతి ప్రయాణం కోసం వేచి ఉండమని రాసి ఉంది.

కళ్ళజోడు తీశాడు. బెల్టు విప్పాడు. సీటులో పూర్తిగా వెనక్కి తిరిగాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఒక శిష్యురాలి ముఖంలోకి చూసి, ఇరవై ఆరేళ్ళలో ఎవరినీ అడగని ప్రశ్న అడిగాడు.

"నీ పేరేమిటమ్మా?"

ఆవిడ చెప్పింది. ఆయన విన్నాడు. పరీక్ష అయిపోయింది, నక్షత్రాలు పడిపోయాయి, ఇక లాభం లేదు, నష్టం లేదు. కొత్తగా లైసెన్సు తీసుకునేవాడిలా గొంతు సవరించుకుని, ఒక్కొక్క అక్షరానికీ గేరు మారుస్తూ, ఎక్కడా ఆపకుండా, పైకి పలికాడు.

"కాదంబిని."