సింపథీకి రెండు మార్కులు

"ఏడ్చినందుకు డబ్బులిస్తారా! మరి ఇన్నాళ్ళూ ఇంట్లో ఊరికే ఏడ్చి ఎంత నష్టపోయామే!" అన్నాడు మొగుడు క్లిఫర్డ్, గ్లెనిస్‌కి మెడికల్ కాలేజీలో పని దొరికిన రోజున. అని, ఖాళీ కప్పు ఆమె వైపు జరిపాడు.

పని ఇదీ. డాక్టరీ ఆఖరి పరీక్షలో గ్లెనిస్ మిసెస్ వాట్సన్ అయి కూర్చుంటుంది. విద్యార్థి వచ్చి, ఆపరేషన్ బల్ల మీద ఆమె భర్త పోయాడని చెప్పాలి. ఆమె ఏడవాలి. ఎనిమిది నిమిషాలకి గంట మోగుతుంది. కళ్ళు తుడుచుకుని, తరువాతి విద్యార్థి వచ్చేలోగా మళ్ళీ సుమంగళి అయిపోవాలి. ఏడేళ్ళలో ఆమె భర్త ఆరువందల పన్నెండు సార్లు పోయాడు. అయినా ఇంటికెళ్ళేసరికి సోఫా ఒక్కసారీ ఖాళీగా కనబడలేదు.

మూల కుర్చీలో డాక్టర్ పెంబర్టన్ మార్కుల కాగితంతో ఉంటాడు. సింపథీకి రెండు, ఎంపథీకి మూడు. పిటీ చూపిస్తే ఒకటి కోత. ఈ మూడింటికీ తేడా ఏమిటో పిల్లలు ఏడాది పొడుగునా బట్టీ పడతారు. ఆ ఉదయం పంతొమ్మిది మంది వచ్చి, పంతొమ్మిది తలలూ ఒకే కొలతలో ఎడమకి వంచి, "మీ బాధ నాకు అర్థమవుతోంది" అన్నారు. కొత్తలో గ్లెనిస్‌కి ఆ మాటలంటే ఎంత అబ్బురమో. ఇంగ్లీషులో ఇన్ని ఓదార్పు మాటలున్నాయా, ఒక్కటీ మా గుమ్మం దాకా రాలేదేం, దారి తెలీకనా అనుకునేది.

ఇరవయ్యోది టెస్సా. కుర్చీ అంచున కూర్చుని, "మిసెస్ వాట్సన్‌గారూ, మీవారు పోయారండీ. ఆపరేషన్ మధ్యలో గుండె ఆగిపోయింది" అంది. ఆ తరువాత నోరు తెరిచి, మూసింది. నేర్చుకున్నదంతా ఎగిరిపోయినట్టుంది. గ్లెనిస్ అలవాటు ప్రకారం ఏడుపు మొదలుపెట్టింది. టెస్సా కుర్చీ దగ్గరికి లాక్కుని, బ్లీచింగు నీళ్ళకి పగుళ్ళు తేలిన గ్లెనిస్ వేళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది.

"ఇంటికెళ్ళాక మీకు టీ ఎవరు పెట్టి ఇస్తారండీ?"

ఇచ్చిన కాగితాల్లో ఆ ప్రశ్న లేదు. మిసెస్ వాట్సన్‌కి ఇద్దరు కూతుళ్ళున్నారు, పెద్దమ్మాయి పెట్టి ఇస్తుందని చెప్తే సరిపోయేది. కానీ గ్లెనిస్ పొరపాటున తన ఇంట్లో వెతికింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురం, గది గదీ వెతికింది. పురుడు పోసుకుని వచ్చిన రోజు వెతికింది. అమ్మని పాతిపెట్టి వచ్చిన మధ్యాహ్నం వెతికింది. ఆ రోజు చర్చి హాల్లో నలభై మందికి టీ ఇచ్చింది తనే. "పనిలో పడితే బాధ తెలీదులే. ఎలాగూ నిలబడే ఉన్నావుగా, నాకింకో కప్పు" అన్నాడు క్లిఫర్డ్. అత్తగారైతే పంచదార తక్కువైందంది.

"ఎవరూ లేరు తల్లీ."

ఆ గొంతు మిసెస్ వాట్సన్‌ది కాదు. ఆ పైన వచ్చిన ఏడుపు ఎక్కడిదో గ్లెనిస్‌కే తెలీదు. అంత ఏడుపు తన లోపల ఏ అరలో పట్టిందో అని ఏడుస్తూనే ఆశ్చర్యపోయింది. టెస్సా ఏమీ అనలేదు. తల వంచలేదు. కదలకుండా కూర్చుంది, అంతే. సముద్రాన్ని మొదటిసారి చూసినవాళ్ళలా గ్లెనిస్ ఆ పిల్లని చూస్తూ ఉండిపోయింది. ఒక మనిషి ఇంకో మనిషి దగ్గర ఇలా కూర్చోవడం కూడా లోకంలో ఉందా! గంట మోగినా ఇద్దరికీ వినబడలేదు. డాక్టర్ రెండుసార్లు దగ్గాల్సి వచ్చింది.

టెస్సా వెళ్ళాక పెంబర్టన్ కాగితం చాపాడు. "సింపథీ సున్నా, ఎంపథీ సున్నా. ఒక్క ఓదార్పు మాటా అనలేదు. పాపం, ఏడాది పోయినట్టే. మీ వంతు ఐదు మార్కులున్నాయి, ఏదో ఒకటి వేసివ్వండి."

గ్లెనిస్ ఐదు వేసింది.

"ఐదుకి ఐదా? అప్పుడా పిల్ల పాసైపోతుందండీ!"

"అవ్వనివ్వండి."

"భలేవారే! ఏం చెప్పిందని?" అని నవ్వాడాయన. "మీరు మాత్రం ఇవాళ అదరగొట్టారు. అచ్చం మొగుడు పోయినట్టే ఏడ్చారు."

గ్లెనిస్ పెన్నుకి మూత పెట్టింది.

"పోయినందుకు కాదు డాక్టర్‌గారూ. నా మొగుడు బతికే ఉన్నాడు. అందుకే ఏడ్చాను."