ఇద్దరు చాలన్నారు

అంబులెన్సు కడుగుతూ కడుగుతూ హారన్ బాబాయ్ కుప్పకూలిపోయాడు. చేతిలోంచి జారిన పైపు పాములా మెలికలు తిరుగుతూ షెడ్డంతా తడిపేసింది. ఆ నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చుని నర్సు అతని ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది.

ఆ బండికి అతనే డ్రైవరు. హారన్ కొట్టడం కంటే కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టడమే అతనికి ఇష్టం, అందుకే ఆ పేరు. బండికి ముగ్గురు మనుషులు: డ్రైవరు, నర్సు, స్ట్రెచర్ పట్టే సహాయకుడు. ముగ్గురిలో ఒకరు నేలమీదుంటే మిగిలింది ఇద్దరే. సహాయకుడు ఊపిరి అందిస్తూ కూర్చుంటే గుండెకి షాకిచ్చే పెట్టె లోపలినుంచి తెచ్చేవాళ్లు లేరు. పెట్టె కోసం పరిగెత్తితే ఊపిరి అందించేవాళ్లు లేరు. నర్సు భుజాలు పీక్కుపోయాయి. పక్క అంబులెన్సు స్టేషను బండి వచ్చి, అందులోంచి కొత్త యంత్రం దించేసరికే ఆలస్యమైపోయింది. ఛాతీకి బిగిస్తే మనిషి చెయ్యి తగలకుండా దానంతటదే గుండెను నొక్కే యంత్రమది. టకటకా నొక్కింది. బాబాయ్ మాత్రం లేవలేదు.

ఆ యంత్రం నర్సు వాళ్ల స్టేషనులో లేదు. ప్రాంతీయ రక్షణ సేవల పరిశోధన విభాగం దాన్ని సగం స్టేషన్లకే ఇచ్చింది. ఎవరికివ్వాలో చీటీలేసినట్టు కంప్యూటరుతో తేల్చారు. యంత్రం ఉన్నచోట ఎందరు బతికారు, లేనిచోట ఎందరు బతికారు అని రెండేళ్లపాటు పోల్చి చూడటమే ప్రాజెక్టు. ఆ ప్రాజెక్టు నడిపే డాక్టరు నర్సుకి సొంత అక్క.

అంత్యక్రియలైన మర్నాడు నర్సు తిన్నగా అక్క ఆఫీసుకి వెళ్లింది.

"రా చిన్నీ, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. మా స్టేషనుకి మిషను వద్దన్న చీటీ ఎవరు తీశారు?"

అక్క కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఎవరూ తియ్యలేదు, కంప్యూటరు పంచింది. అది పనిచేస్తుందో లేదో తెలీకే కదా ఈ పరీక్ష."

"తెలీదా? భోజనాల దగ్గర కూడా దాని గొడవే చెప్పేదానివి. ఇదొస్తే నీ చేతులకి తెరిపి చిన్నీ అన్నావు. తెలీనిదాన్ని పట్టుకునే అంత మురిసిపోయావా?"

"ఆశ వేరు, తెలియడం వేరు."

"ఆ తేడా ఏంటో పిన్ని దగ్గరికొచ్చి చెప్పు. నిన్ననే మొగుణ్ణి సాగనంపింది, తీరిగ్గా వింటుంది."

అక్క కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "నన్ను తిడితే నీకు తేలికవుతుందంటే తిట్టు. బతికేవాడని మాత్రం నాచేత అనిపించకు. నాకు తెలీదు."

నర్సు తలుపు విసిరికొట్టి వచ్చేసింది. ఆ తర్వాత అక్కతో మాట మానేసింది. అక్క ఇంటికొస్తుందని తెలిస్తే డ్యూటీ వేయించుకునేది. "ఒకే కడుపున పుట్టి ఉప్పూ నిప్పూ అయ్యారు, మధ్యలో నేను చిటపటలు వింటూ కూర్చున్నాను" అని అమ్మ విసుక్కునేది.

ఒకరోజు బాబాయ్ భార్య నర్సు చెయ్యి పట్టుకుని అడిగింది. "అమ్మాయ్, ఆ మిషను మీ దగ్గరుంటే ఆయన బతికేవాడా?"

కనపడ్డ ప్రతివాడితోనూ 'బతికేవాడు' అని చెబుతూ వచ్చిన నర్సు ఆమె ముందు ఆ మాట అనలేకపోయింది. "ఏమో పిన్నీ" అంది. అది అక్క మాటే. తన నోటినుంచి వచ్చినందుకు ఆ రోజంతా ఒళ్లు మండిపోయింది.

రెండేళ్లు నిండాక ఫలితాలు చెప్పడానికి అన్ని స్టేషన్లవాళ్లనూ పిలిచారు. అక్క వేదికెక్కి నాలుగు ముక్కల్లో తేల్చేసింది. యంత్రంతో ఎందరు బతికారో చేతులతోనూ ఇంచుమించు అందరే బతికారు. తేడా లేదు.

నర్సు కోపానికి కాళ్లకింద నేల కదిలిపోయింది. ఇన్నాళ్లూ పళ్లబిగువున మోసుకొచ్చిన దాన్ని ఇప్పుడెవరి నెత్తిన దించాలి?

ఆ సంగతి రక్షణ సేవల పెద్దాఫీసరే తేల్చాడు. ఆయన లేచి నవ్వుతూ మైకు అందుకున్నాడు. "శుభవార్త. మిషను మనిషితో సమానమని డాక్టర్‌గారే రుజువు చేశారు. ఇకనుంచి ప్రతి బండికీ ఒక మిషను, ప్రతి బండిలో ఒక మనిషి తగ్గింపు. ఇద్దరు చాలు."

"నేనలా అనలేదు సార్," అక్క అడ్డుపడింది. "మిషను ఉన్న బండ్లలోనూ ముగ్గురున్నారు. ఇద్దరితో మేం పరీక్షించనే లేదు."

"మిషను అలిసిపోదు కదా డాక్టర్‌గారూ."

నర్సు ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలీదు. "మా డ్రైవరు పోయినరోజు మేం ఇద్దరమే ఉన్నాం సార్. చాలలేదు. ఆయన భార్య ఇల్లు చూపిస్తాను రండి, ఇద్దరు చాలని ఆవిడతో చెబుదురుగాని."

"మీ బాధ అర్థమైందమ్మా, కూర్చోండి" అన్నాడాయన, చప్పట్ల కోసం చుట్టూ చూస్తూ. ముందు వరుసవాళ్లు కొట్టారు కూడా.

వారం తిరక్కుండా సహాయకుణ్ణి కార్యాలయం గేటు దగ్గర కాపలాకి పంపారు. నివేదిక మొదటి పేజీలో 'ఇద్దరితో పరీక్షించలేదు' అని రాసి, ఆ వాక్యం తీయనన్నందుకు అక్కని ప్రాజెక్టునుంచి తప్పించారు. యంత్రం మాత్రం నర్సు స్టేషనుకి పూలదండతో వచ్చింది.

లిఫ్టు లేని ఇంటి మూడో అంతస్తులో ఒక భారీమనిషి పడిపోయాడని పిలుపొచ్చింది. వెళ్లింది నర్సు, కొత్త డ్రైవరు. యంత్రం బిగించారు, అది నొక్కుతోంది. కానీ స్ట్రెచర్ మెట్లమలుపులో ఇరుక్కుంది. తలుపులు తెరుచుకుని చూస్తున్నవాళ్ల మీద నర్సు విరుచుకుపడింది. "చూస్తారేంటి, పట్టండి!" ఎదురింటాయన, పైవాటా ఆవిడ చెరో మూలా పట్టారు. ఆవిడ అరచెయ్యి చీరుకుపోయింది, అయినా వదల్లేదు. ఆ మనిషి బతికాడు.

తర్వాత వారం సంస్థ పత్రికలో, ఆ మెట్లమీద ఎవరో సెల్‌ఫోన్లో తీసిన ఫోటో పడింది. నర్సు, డ్రైవరు, స్ట్రెచర్. కింద 'ఇద్దరు సిబ్బంది, ఒక యంత్రం, ఒక ప్రాణం' అని పెద్ద అక్షరాలు. ఎదురింటాయన, పైవాటా ఆవిడ ఉండాల్సినచోట బొమ్మ కత్తిరించి ఉంది.

నర్సు పత్రిక మడిచి పక్కన పడేసింది. ఎన్నాళ్లకో అక్కకి ఫోన్ చేసింది.

"చూశావా?"

"చూశాను."

"నీ మీద నాకింకా కోపం తగ్గలేదు."

"తగ్గించుకోమని నేనడగలేదుగా. ఆ పట్టినవాళ్లు ఎక్కడుంటారు?"

"అదే బిల్డింగులో."

"పేపరువాడొకడు నాకు తెలుసు. తీసుకొస్తాను. నువ్వు కింద నిలబడు."

సాయంత్రం ముగ్గురూ ఆ మెట్లెక్కారు. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పైవాటా తలుపు నర్సే కొట్టింది, అవసరమైనదానికంటే గట్టిగానే. కట్టు కట్టిన చేత్తో ఆవిడ తలుపు తీసింది.

"ఆ రోజు మీరు లేకపోతే అతను మెట్లమీదే పోయేవాడమ్మా," అంది నర్సు. "స్ట్రెచర్ ఎవరెవరు పట్టారో ఈ పేపరాయనకి చెప్పండి."