దించని మెయిన్

ఆత్మకూరులో డిసెంబరు సాయంత్రాలు కరెంటు పోతే, జనం తిట్టుకుంటూనే హెన్రీ గారి మిద్దె వైపు చూసేవారు. వీధంతా చీకటైనా ఆ మిద్దె మీద కాగితపు నక్షత్రం ఎర్రగా వెలుగుతూ ఉండేది. తొంభైల చివరి మాట ఇది. ఊళ్లో ఇన్వర్టరే అరుదు, హెన్రీ గారు దానికి తోడు మిద్దె మీద సోలార్ పలక కూడా పెట్టించారు.

"సూర్యుడు హెన్రీ సారింట్లోనే కాపురం పెట్టినాడబ్బా!" అని వీధివాళ్లు ఎగతాళి చేస్తే ఆయన పైకి కసురుకుని లోపల పొంగిపోయేవారు. ఉదయగిరి నుంచి బదిలీ మీద వచ్చిన హెడ్ క్లర్కు, చర్చి పనులు చూసే డీకను, పదిమందిలో మాట చెల్లే మనిషి. అలాంటాయన ఇంట్లో తప్పు జరుగుతోందని ఎవరికి తోస్తుంది చెప్పండి!

తప్పు సున్నం దగ్గర మొదలైంది. క్రిస్మస్ వస్తోందంటే క్రైస్తవుల ఇళ్లకు సున్నం పడాల్సిందే. హెన్రీ గారు గోడలకు సున్నం, గుమ్మాలకు రంగు వేయించి, ఆ తర్వాత ఇన్వర్టరు, బ్యాటరీ ఇంటికి తెచ్చారు. వైరింగు పనికి వచ్చిన పెంచలప్రసాద్ మీటరు పక్కన గోడ తట్టి చూశాడు.

"ఇక్కడ చేంజోవర్ స్విచ్చి పెట్టాల సార్. లైను కరెంటూ ఇన్వర్టరు కరెంటూ ఎప్పటికీ కలవకుండా అది చూసుకుంటాది. గోడ కొంచెం చెక్కాల."

"ఏంది నువ్వు! నిన్న గదా సున్నం ఆరింది. పండగ పోనీ, అప్పుడు చెక్కుదువు. ఇప్పటికి ఏదో ఒక దోవ చూడు."

పెంచలప్రసాద్ తల గోక్కున్నాడు. పెద్దమనిషిని కాదనలేక, రెండు కొసలా ప్లగ్గులున్న వైరు ఒకటి తయారుచేశాడు. ఒక కొస ఇన్వర్టరుకు, ఇంకో కొస గోడలోని సాకెట్టుకు. పెడితే ఇల్లంతా వెలుగుతుంది, నక్షత్రంతో సహా.

"కానీ సార్, ముందు మీటరు కాడి మెయిన్ స్విచ్చి దించాల. దించకుండా పెట్టినారంటే మనింటి కరెంటు తీగెంబడి స్తంభం మీదికి పోతాది. అక్కడ ఎవురన్నా చెయ్యి పెట్టి ఉంటే..."

"ఆ మాత్రం నాకు తెలీదా!" అన్నారు హెన్రీ గారు. నిజమే, ఆయనకు తెలుసు. తెలిసి కూడా కానిచ్చారు, తెలిసిన ఎలక్ట్రీషియనూ కానిచ్చాడు.

ఆ తర్వాత ఒక రోజు ముసురు పట్టింది. హెన్రీ గారింటికి వచ్చే తీగ స్తంభం దగ్గర చిటపటలాడుతోందని ఆయనే పొద్దున లైన్‌మన్ అల్లాబకాష్‌కు చెప్పి ఆఫీసుకు వెళ్లారు. సాయంత్రం అల్లాబకాష్ వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫ్యూజులూ తీసి, నిచ్చెన ఎక్కాడు. హెన్రీ గారింటి తీగ కొస విప్పి, చేత్తో పట్టుకుని చిలుము గీకుతున్నాడు.

అప్పుడే హెన్రీ గారు పెరటి దోవన ఇంట్లోకి వచ్చారు, వీధిలోని నిచ్చెన ఆయన కంట పడలేదు. కరెంటు లేదు. క్రిస్మస్ పాటలు, అవే క్యారల్స్, పాడేందుకు చర్చి నుంచి వచ్చినవాళ్లంతా వరండాలో తడి గొడుగులతో కూర్చుని ఉన్నారు, సరిగ్గా మెయిన్ కిందే. వాళ్లు లేచాక దించుదాంలే అనుకుని ఆయన వైరు చేతికి తీసుకున్నారు.

"ఏమండీ, మెయిన్ దించినారా?" వంటింట్లోంచి భార్య సుజన అడిగింది.

"ఆఁ, దించినాలే!" అని ప్లగ్గు పెట్టేశారు.

నక్షత్రం వెలిగింది. వీధిలో కేక వినబడింది. ఆ వెంటనే మనిషి పడిన చప్పుడు.

జనం పరిగెత్తారు. హెన్రీ గారూ పరిగెత్తారు, కానీ ముందు ప్లగ్గు పీకి పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి సుజన వరండాలో మెయిన్ వైపు చూస్తూ నిలబడి ఉంది.

"మెయిన్ పైనే ఉండాదే," అంది మెల్లగా. ఆయన తప్పుకుని లోపలికి పోయారు.

అల్లాబకాష్ కుడి అరచెయ్యి కాలింది, కాలు విరిగింది. ఒక ఫ్యూజు తీయడం మరిచిపోయుంటాడని కరెంటు ఆఫీసు పెద్దాయన అన్నాడు. పక్కనే ఉన్న హెన్రీ గారు "అయ్యుండచ్చు" అన్నారు. ఛీ, ఆ నోటితోనే ప్రార్థన చేయాలి గదా! ఆ ఆదివారం చర్చిలో పాట అందుకోమంటే ఆయన పుస్తకం పక్కవాళ్ల చేతిలో పెట్టేశారు.

సోమవారం రొట్టె, అరటిపళ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు. అల్లాబకాష్ కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ అన్నాడు:

"నేనే మరిచిపోయినానేమో సార్. మూడూ తీసినట్టే గుర్తుండాది. కానీ షాక్ కొట్టింది గదా! నా మతి మీద నాకే నమ్మకం పోయింది."

"ఇంక స్తంభం ఎక్కనీయరంట," అంది అతని భార్య సైదాబీ. "ఉజ్జోగం కూడా ఉంటాదో లేదో."

హెన్రీ గారు తెచ్చిన రొట్టె, పళ్లు పక్కన పెట్టేశారు.

"నువ్వు మరిచిపోలేదు బకాష్. ఆ కరెంటు మా ఇంటిది. మెయిన్ దించకుండా ఇన్వర్టరు పెట్టినాను. తెలిసి కూడా నోరు మూసుకున్నాను."

తిడతాడనుకున్నారు. అల్లాబకాష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే నేను మరిచిపోలేదా సార్?"

సైదాబీ మాత్రం ఊరుకోలేదు. "కరెంటు పోతే మీ నక్షత్రం చూసి మా పిల్లోళ్లు చప్పట్లు కొట్టేవోళ్లు సార్. వాళ్ల నాయన్ను కింద పడేసిన దానికా?"

ఆ మాటకు హెన్రీ గారు సిగ్గుతో చచ్చిపోయారు. అటు నుంచి అటే కరెంటు ఆఫీసుకు వెళ్లి, పదిమంది ముందూ జరిగిందంతా చెప్పి, రాసి సంతకం పెట్టి వచ్చారు. అల్లాబకాష్ మీద మచ్చ పోయింది. కాలు అతుక్కుంది కానీ, చెయ్యి మాత్రం మునుపటిలా ముడుచుకోలేదు.

పెంచలప్రసాద్ పండగకు ముందే వచ్చి గోడ చెక్కి చేంజోవర్ బిగించాడు. తెల్లటి గోడ మీద సిమెంటు మరక మిగిలింది. సున్నం పూయమంటారా అని సుజన అడిగితే హెన్రీ గారు వద్దన్నారు. క్రిస్మస్‌నాడు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ఆ మరకేందని అడిగారు. ఆయన దాచకుండా, తల దించుకుని ఒకే మాట చెప్పారు.

"మనింట్లో పెట్టిన కరెంటు మనింట్లోనే ఉంటాదనుకోబాకండి, తీగ పోయినంత దూరం పోతాది. ఆ చివర ఒక మనిషి చెయ్యి ఉంటాది. గోడ చెడితే చెడనీండి, చేంజోవర్ లేకుండా మాత్రం ఇన్వర్టరు పెట్టబాకండి."