డాక్టర్ కద్రీగారి సముద్రం

డాక్టర్ కద్రీకి రాళ్ల గురించి ఏమీ తెలియదని ఇరవై ఆరేళ్లుగా అంటున్నాను. ఎవరూ వినలేదు. యూనివర్సిటీ భూగర్భశాఖలో నేను రాళ్లు పొడి కొట్టేవాణ్ణి, ఆయన వాటి మీద వ్యాసాలు రాసేవాడు మరి.

మా నైలుకీ ఎర్ర సముద్రానికీ మధ్య ఉన్న ఎడారి కొండల్లో నల్లపచ్చ రాళ్లున్నాయి. ఒకప్పుడవి లావా. తరవాత భూమి లోపల ఉడికి, నలిగి, రూపు మారిపోయాయి. వాటి పుట్టుక కంటితో చూసి చెప్పలేం. పొడి చేసి, ఏ లోహం ఎంతుందో కొలవాలి. టాంటలం అనే లోహం దాదాపు లేకపోతే ఆ రాయి దీవుల వరుసలో పేలిన అగ్నిపర్వతానిది, బాగా ఉంటే నడిసముద్రానిది. కద్రీ తన రాళ్లన్నీ నడిసముద్రంలో పుట్టాయని రాసి ప్రొఫెసరయ్యాడు. అప్పట్నుంచీ ఎడారి మొత్తం మామగారు రాసిచ్చినట్టే నడుస్తాడు.

ఇబ్తిహాల్ మాస్టర్స్‌కి ఆయన కింద చేరడం ఆ పిల్ల దురదృష్టం. ఉద్యోగంలో చేరిన ఐదేళ్లలోగా మాస్టర్స్ పూర్తి కాకపోతే మా దగ్గర పాఠాలు చెప్పే పని తీసేసి ఆఫీసులో ఫైళ్లు మోయమంటారు. ఆమెకింక రెండు నెలలే ఉన్నాయి. అవే కొండల నుంచి ముప్ఫై రాళ్లు తెచ్చి, అగేటు అనే గట్టి రాతితో చేసిన గిన్నెలో గంటలకొద్దీ చేత్తో నూరుకుంది. టాంటలం లేదు. థీసిస్‌లో దీవులని రాసింది. కద్రీ సంతకం పెట్టనన్నాడు. తన రాళ్లు ఆడించిన పెద్ద మిషను గిన్నెలోనే మళ్లీ ఆడించి తెమ్మన్నాడు.

ఆ గిన్నె టంగ్‌స్టన్‌ది. ఎంత రాయైనా రెండు నిమిషాల్లో పిండైపోతుంది. ఆయనకు ఎప్పుడూ తొందరే. ఆడించి ఇచ్చాను. ఈసారి ముప్ఫైలోనూ టాంటలం వచ్చింది. ఆయన శాఖంతటికీ టీ తెప్పించాడు.

ఇబ్తిహాల్ ఏడవలేదు. పిడికెడంత తెల్ల పలుగురాయి తెచ్చి నా ముందు పెట్టింది.

"బాబాయ్, ఇది కూడా అందులోనే ఆడించు. ఎవరికీ చెప్పకు."

పలుగురాయిలో ఇసుక సరుకు తప్ప ఏముంటుంది? ఆడించాను. ఫలితంలో టాంటలం నిక్షేపంగా ఉంది. గిన్నె అరిగి, తన లోహంలో ఉన్న టాంటలాన్నే పొడిలో కలుపుతోందన్నమాట. ఇన్నేళ్లూ కద్రీ కొలిచింది నా గిన్నెని! నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు.

శాఖ సమావేశంలో ఆమె ముప్ఫై ఒకటో నమూనా అని కాగితం ఇచ్చింది. నేను టీ పళ్లెంతో గుమ్మంలో ఉన్నాను. మిగతా అంకెలు చూసుంటే చిన్నపిల్లాడికైనా అర్థమయ్యేది. ఆయన టాంటలం గడి ఒక్కటే చూశాడు.

"ఇదీ నడిసముద్రమే. ఇప్పటికైనా ఒప్పుకుంటావా అమ్మాయ్?"

ఆమె తెల్లరాయి తీసి బల్ల మీద పెట్టింది. ఆ పొడి దీనిదేనంది. అందరూ రాయిని చూశారు, తరవాత ఆయన్ని. ఆయన వేలు మాత్రం నా వైపు తిరిగింది.

"వీడు గిన్నె కడిగి ఉండడు. చదువు లేనివాళ్ల చేతికి మిషన్ ఇస్తే ఇంతే."

ఇన్నేళ్లూ ఇలాంటి మాటలు మింగాను. ఆ రోజు మింగుడు పడలేదు. పళ్లెం కింద పెట్టాను.

"కడిగాను డాక్టర్‌గారూ. ఇరవై ఏళ్ల కింద మీ రాళ్లు ఆడించినప్పుడు కూడా కడిగాను. ఆ గిన్నే, ఈ చేతులే."

శాఖ పెద్ద దగ్గి, ఇబ్తిహాల్ కాగితాలు తనవైపు లాక్కుని, అగేటు గిన్నె ఫలితాలే లెక్కలోకి వస్తాయని సంతకం పెట్టాడు. ఆమెకు ఫైళ్లు మోసే గండం తప్పింది. కద్రీ రాసినవాటి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున ఆయన నా మిషను గదికి వచ్చాడు. ఇరవై ఆరేళ్లలో గడప తొక్కడం అదే మొదలు. చొక్కాకి దుమ్మంటకుండా గుమ్మం దగ్గరే ఆగి, గూట్లో వరసగా ఉన్న గిన్నెలన్నీ చూశాడు.

"వీటిలో నా రాళ్లు ఆడించిన గిన్నె ఏది?" అన్నాడు.