సువార్తమ్మ కూర్చున్న వైపు

ఆళ్లగడ్డ చర్చి పాటల బృందం నంద్యాలకు పోవాలంటే మత్తయి పాత ఏడు సీట్ల బండే దిక్కు. ఆ బండి ముందుభాగం కొంతకాలంగా ఎడమవైపుకు ఒరిగి ఉంది. స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, కింద కర్రుమని గీసుకునేది. ముందు సీట్లో ఎడమవైపు ఎప్పుడూ సువార్తమ్మే కూర్చుంటుంది. బజారులో జాకెట్లు కుట్టే ఆమె మనిషీ భారీ, గొంతూ భారీ.

ఒక ఆదివారం శిరివెళ్ల దగ్గర బండి మరీ గట్టిగా గీసుకుంది.

"సువార్తక్కా, రోంత వెనక్కి పోయి కూచో. నీ బరువుకి బండి వంగిపోతాండాది," అన్నాడు మత్తయి.

వెనకవాళ్లందరూ నవ్వారు. సువార్తమ్మ కూడా నవ్వింది గానీ, ఆ పూట పాటలో ఆమె గొంతు వినపడలేదు.

మర్నాడు పొద్దున్నే మెడలో టేపు వేసుకుని మత్తయి ఇంటి ముందు నిలబడింది.

"బండి తియ్యప్పా. చర్చి ముందర సిమెంటు నేల సమంగా ఉంటాది, ఆడ పెట్టు."

"ఏందక్కా, ఏం చేస్తాండావ్?"

"కొలతలు తీస్తా."

ఖాళీ బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పట్టింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. ఎడమవైపు ఒకటిన్నర అంగుళం తక్కువ.

"ఇప్పుడు నేను బండిలో ఉండానా?"

"ల్యావక్కా."

"లంగా అంచు ఎగుడుదిగుడుగా ఉంటే కట్టుకున్నదాన్ని అంటారా, కుట్టినదాన్ని అడుగుతారా?"

మత్తయి బుర్ర గోక్కున్నాడు. ఇద్దరూ బండి తీసుకుని నంద్యాలలో మెకానిక్ అక్బర్ షెడ్డుకు పోయారు. అక్బర్ ముందు టైర్లలో గాలి చూశాడు. రెండింటిలోనూ సరిగ్గానే ఉంది. తర్వాత బండి కిందికి దూరాడు.

"దీనికి ముందర స్ప్రింగులుండవు పెద్దమ్మా. పొడుగాటి ఇనుప కడ్డీ మెలి తిరిగి బండిని మోస్తాది. ఈ పక్క కడ్డీ సడలింది. బోల్టు తిప్పితే లేస్తాది."

జాకీ మీద లేపి బోల్టు బిగించి కిందికి దించాడు. సువార్తమ్మ వెంటనే టేపు పట్టింది.

"ఎక్కువైందప్పా, రోంత దించు!"

"ఆగు పెద్దమ్మా. ముందుకీ వెనక్కీ తోసి, బాగా ఊపితే కుదురుకుంటాది. అప్పుడు కొల్చు."

బండిని అటూ ఇటూ తోశారు. మత్తయి బానెట్ మీద చేతులేసి ఊపాడు. అది కదిలీ కదలనట్టు కదిలింది. సువార్తమ్మ కొంగు దోపి, రెండు చేతులూ ఆనించి ఒక్క నొక్కు నొక్కింది. బండి ఇంతలోతు దిగి, పైకి లేచి, మళ్లీ దిగింది.

"మాషాల్లా!" అన్నాడు అక్బర్.

అందరికన్నా గట్టిగా సువార్తమ్మే నవ్వింది. మళ్లీ కొలిస్తే రెండువైపులా సమానంగా వచ్చింది.

"ఎత్తు మారింది గదా, చక్రాల అలైన్‌మెంట్ గూడా చూపించుకోండి," అని చెప్పాడు అక్బర్.

మత్తయి ఆమె పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "అక్కా, నిన్న నోరు జారినా."

"జారింది గదా. ఇంగ దాన్ని గూడా బిగించుకో."

ఇంతలో అక్బర్ మూలనున్న ఇంకో బండి వైపు చెయ్యి చూపించాడు. "పెద్దమ్మా, పోయేలోపల దీన్ని గూడా కొలిచి పెట్టవా?"

మత్తయి టీ తెచ్చుకుని బెంచీ మీద కూర్చున్నాడు. సువార్తమ్మ అప్పటికే ముక్కూమొహం తెలియనివాళ్ల బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది.